"చిమ్నీకి మిషనుంది, మీకెందుకు" అనేవాళ్లకు

ఫ్యాక్టరీల పొగ గురించిన ఒక వాట్సాప్ ఫార్వర్డ్ ఈ మధ్య మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి, ఊరి గ్రూపులోకి, ఆఖరికి పెళ్లి పనుల కోసం పెట్టుకున్న గ్రూపులోకి కూడా వచ్చిపడింది. అందులో ఉన్నదిదీ: "పొగ సంగతి చూడ్డానికి పీసీబీ (కాలుష్య నియంత్రణ బోర్డు) ఉంది, చిమ్నీలకు ఆన్‌లైన్ మిషన్లున్నాయి. వాసనొస్తోందని జనం చేసే గోల సైన్సు కాదు. ప్రజాభిప్రాయ సేకరణ ఉత్త తతంగం. రూల్సు బిగిస్తే కంపెనీలు మూతపడతాయి. అయినా ఫ్యాక్టరీ ముందొచ్చిందా, మీ ఇల్లు ముందొచ్చిందా?"

నేనుండేది విశాఖలో. పొద్దున తుడిచిన బాల్కనీ రెయిలింగు సాయంత్రానికి మళ్లీ వేలికి నల్లగా అంటే వీధి మాది. కాబట్టి నేనేదో తటస్థుణ్ని అని చెప్పుకోను.

చిమ్నీ పొగలో కాలుష్యాన్ని ఎప్పటికప్పుడు కొలిచి బోర్డుకు పంపే మిషన్లున్న మాట నిజమే. కాలుష్యం ఎక్కువగా చేసే 17 రకాల పరిశ్రమలు వాటిని పెట్టుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. అయితే చిమ్నీలోంచి పోనిదాన్ని చిమ్నీ మిషను చూడలేదు. వాల్వు దగ్గర కారే ఆవిరి, టార్పాలిన్ కప్పని బొగ్గు గుట్ట మీంచి లేచే దుమ్ము దాని లెక్కలోకి రావు. 2020 మే 7 తెల్లవారుజామున మా విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మందిని బలిగొన్న స్టైరీన్, అంటే ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం, వచ్చింది ఎల్జీ పాలిమర్స్ నిల్వ ట్యాంకులోంచి. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ కంపెనీయే ఏడాది ముందు, 2019 మేలో, అఫిడవిట్ రాసిచ్చింది. ఆ కాగితం సంగతి గోడ అవతల పడుకున్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"బోర్డు చూసుకుంటుంది" అనేవాళ్లకు గుజరాత్ సంగతి చెప్పాలి. అక్కడ ఫ్యాక్టరీని తనిఖీ చేసే ప్రైవేటు ఆడిటరును ఫ్యాక్టరీయే ఎంచుకుని, ఫీజూ తనే ఇచ్చేది. పొగలో ధూళికి పరిమితి ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములు. నివేదికల్లో అంకెలు విచిత్రంగా 150కి కాస్త కిందే గుమిగూడేవి. దక్షిణ ఇచ్చేవాడి జాతకంలో దోషముందని ఏ జ్యోతిష్కుడంటాడు? అక్కడి బోర్డుతో కలిసి కొందరు ఆర్థికవేత్తలు పద్ధతి మార్చి చూశారు. ఏ ఆడిటరు ఎక్కడికి వెళ్లాలో లాటరీ తీశారు, ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, కొన్ని ఫ్యాక్టరీల్లో మళ్లీ కొలిపించారు. నివేదికల్లోకి నిజం వచ్చింది, ఆ వెనకే ఫ్యాక్టరీలు కాలుష్యమూ తగ్గించాయి. 2013లో అచ్చయిన అధ్యయనమిది. చట్టం పాతదే, పరిమితీ పాతదే.

ఇక వాసన. తమిళనాడులో కడలూరు సిప్కాట్ పారిశ్రామికవాడ పక్క ఊళ్లవాళ్లు ఏ రోజు, ఏ టైముకు, గాలి ఎటునుంచి వీస్తుంటే, దేన్ని పోలిన వాసనొచ్చిందో రాసిపెట్టుకోవడం నేర్చుకున్నారు. 2004లో ప్లాస్టిక్ బకెట్‌తో చేసిన పరికరంలో గాలి పట్టి ల్యాబుకు పంపితే, క్యాన్సర్ తెచ్చే రసాయనాలు కూడా బయటపడ్డాయి. ముక్కుకూ ఓ హద్దుందని ఒప్పుకుంటాను. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. అయినా రాత్రి రెండింటికి వదిలిన గ్యాసుకు సాక్షి పక్కింటివాడే. ఇన్‌స్పెక్టరు వచ్చేది మర్నాడు టిఫినయ్యాక.

ప్రజాభిప్రాయ సేకరణ తతంగమన్న మాటతో సగం ఏకీభవిస్తాను. ఫ్యాక్టరీ వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే వందల పేజీల నివేదిక ఇంగ్లిషులో, సారాంశం మాత్రం తెలుగులో, వేదిక ముందు వరసల్లో ఎవరి మనుషులో అందరికీ తెలుసు. కానీ కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, సభంతా వీడియో తీయాలి, జనం అడిగినవాటికి తుది నివేదికలో జవాబుండాలి. తతంగంగా మార్చింది జనం కాదు కదా.

రూల్సు బిగిస్తే మూతపడతాయా? సూరత్‌లో 2019లో ఏం చేశారో చూడండి. బొగ్గు మండించే 300కు పైగా ఫ్యాక్టరీల్ని, ఎక్కువగా బట్టలవి, రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాత రూల్సే. రెండో గుంపుకు మొత్తం కలిపి ఇంత ధూళే వదలాలని కోటా పెట్టి పర్మిట్లు ఇచ్చారు. తక్కువ వదిలినవాడు మిగిలిన పర్మిట్లు అమ్ముకోవచ్చు, పర్మిట్లు చాలనివాడు కొనుక్కోవాలి, లేదంటే జరిమానా. రెండో గుంపు ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. చిత్రమేమిటంటే, కాలుష్యం తగ్గించుకోవడానికి అయ్యే ఖర్చూ తగ్గింది. ఎవరికి చౌకగా కుదిరితే వాళ్లే ఎక్కువ తగ్గించారు మరి.

చివరి ప్రశ్న అందరికీ నచ్చే ప్రశ్న: ఎవరు ముందొచ్చారు? వెంకటాపురం ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైంది. ఇళ్లన్నీ తర్వాతే వచ్చాయనుకుందాం. వాటిని రానిచ్చిందెవరు? ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవాడు దాని హానికి పూర్తి బాధ్యుడని, మినహాయింపుల్లేవని ఢిల్లీలో ఒక ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాసు లీకైన కేసులో సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. పారిశ్రామికవాడలో కాస్త దుమ్ము మామూలేనన్న వాదన కూడా చెల్లదు. ఒకప్పుడు అలాంటి ప్రాంతాలకు సడలించిన పరిమితులుండేవి, 2009 నవంబరులో అందరికీ ఒకటే చేశారు. గాలిలోని అతి సన్నని ధూళి, అంటే పీఎం 2.5, ఇరవైనాలుగు గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు, ఉన్నవాళ్లుండే లాసన్స్ బే కాలనీలోనైనా ఫ్యాక్టరీల పక్కనున్న మల్కాపురంలోనైనా.

ప్రమాదకర ఫ్యాక్టరీ తన ఎమర్జెన్సీ ప్లాను చుట్టుపక్కల జనానికి తెలియజెయ్యాలని, భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేర్చారు. వెంకటాపురంలో ఆ రాత్రి సైరన్ మోగలేదు. మోగించడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటుందని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీయే రాసింది.

ఫార్వర్డ్ పంపినాయన ఇల్లు ఫ్యాక్టరీలకు మా ఇంటికన్నా దగ్గర. "అన్నగారూ, మీకెవరైనా ఎప్పుడైనా ఆ ప్లాను చూపించారా?" అని గ్రూపులో అడిగాను. బ్లూ టిక్కులైతే పడ్డాయి.