మహారాజశ్రీ 4,800 గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 4,800 ఆంపియర్ పర్ మీటర్ గారి సముఖమునకు,

వాచీల వెనక మూత మీద 'యాంటీమాగ్నెటిక్' (అయస్కాంతానికి లొంగనిది) అనే బిరుదుతో వెలుగుతున్న తమరికి ఒక కొనుగోలుదారుడి నమస్కారాలు. బిరుదును స్టీలులో చెక్కారు కనుక చెరిపే వీలు లేదు. ఆ బిరుదు వెనక ఉన్న ఉద్యోగం ఏమిటో మాత్రం మూత మీద రాయరు. ఐఎస్ఓ 764 అనే అంతర్జాతీయ ప్రమాణం తెరిస్తే తెలుస్తుంది: మీటరుకు 4,800 ఆంపియర్ల అయస్కాంత క్షేత్రం తగిలిన తర్వాత వాచీ నడక రోజుకు 30 సెకన్లకు మించి మారకూడదు. అంటే దెబ్బ తిన్నాక రోజూ అర నిమిషం దాకా తప్పు చెప్పవచ్చు, బిరుదుకు ఢోకా లేదు. ఇంత ఉదారమైన కొలువు ఏ రాజాస్థానంలోనూ ఉండి ఉండదు.

తమరి బలాన్ని అయస్కాంత బలానికి మరో కొలమానమైన గాస్‌లలోకి మారిస్తే సుమారు 60. భూమి అయస్కాంత క్షేత్రం అర గాస్ అటూ ఇటూ కనుక, భూమితో యుద్ధం వస్తే గెలుపు తమరిదే. కానీ యుద్ధం భూమితో కాదు. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చాయి. వేలి గోరంత ముక్క ఉపరితలం మీద కూడా బలం వెయ్యి గాస్‌లు దాటడం మామూలే. అవి ఇప్పుడు ఫోను వీపున, ల్యాప్‌టాప్ మూత అంచున, టాబ్లెట్ కవరులో, ఇయర్‌ఫోన్ల డబ్బాలో, హ్యాండ్‌బ్యాగు మూతి దగ్గర కాపురం ఉంటున్నాయి. ఏ వస్తువైనా 'టప్'మని తనంతట తాను మూసుకుంటే మనిషికి అదొక ముచ్చట. ఆ టప్పు దగ్గరకు మనం తీసుకువెళ్లే చేతికే వాచీ ఉంటుంది. రాత్రి దాన్ని విప్పి భక్తిగా ఫోను మీదే పెట్టి పడుకునే వాళ్లూ ఉన్నారు.

ఆ తర్వాత లోపల జరిగేది తమరు చూడరు కనుక చెబుతాను. బ్యాటరీ లేని మెకానికల్ వాచీలో, కాలాన్ని కొలిచే బ్యాలెన్స్ వీల్ అనే చక్రాన్ని అటూ ఇటూ ఊపే హెయిర్‌స్ప్రింగ్ వెంట్రుక కన్నా సన్నని చుట్ట. చాలా వాచీల్లో అది ఇనుము, నికెల్ కలిసిన లోహమే. అయస్కాంతం పట్టగానే చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగులో పనిచేసే పొడవు తగ్గుతుంది, ఊపు వేగం పెరుగుతుంది, వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది. నిన్నటి దాకా బుద్ధిగా నడిచిన వాచీ ఇవాళ హఠాత్తుగా ఉరకడం మొదలుపెడితే మొదట అనుమానించవలసింది దీన్నే. కానీ చాలామంది నేరుగా సర్వీసింగుకు ఇచ్చేస్తారు. లోపలి చక్రాలన్నీ విప్పి, కడిగి, నూనె వేసి, బిల్లు చేతిలో పెడతారు. జబ్బు మాత్రం పది సెకన్లలో పోయేది.

ఈ స్ప్రింగు చరిత్ర కూడా వింతే. ఎండకు సాగి చలికి బిగిసే పాత ఉక్కు స్ప్రింగుల బాధ తీర్చిన మిశ్రలోహాల మీద కృషికి షార్ల్ ఎడ్వార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఉష్ణోగ్రతను జయించిన ఆ వంశం అయస్కాంతం ముందు మాత్రం తలవంచుతూనే వచ్చింది.

తమరి కన్నా నిజాయితీగా పనిచేసిన వారు లేకపోలేదు. 1950లలో ఐడబ్ల్యూసీ ఇంజెనియర్, రోలెక్స్ మిల్‌గాస్, ఒమెగా రైల్‌మాస్టర్ అనే వాచీలు వచ్చాయి. యంత్రం చుట్టూ మెత్తని ఇనుముతో లోపలి పెట్టె కట్టారు. అయస్కాంత రేఖలు ఆ ఇనుములోంచి చుట్టూ తిరిగి పోతాయి, లోపలికి చొరబడేది తక్కువ. మిల్‌గాస్ వెయ్యి గాస్‌లకు నిలబడేది. అంటే మీటరుకు దాదాపు 80,000 ఆంపియర్లు, తమరికి పదహారింతలకు పైనే. ఇప్పటికీ జిన్, డమాస్కో వంటి జర్మన్ కంపెనీలు కొన్ని మోడళ్లలో ఇదే ఇనుప పెట్టెతో 80,000 అని రాసి అమ్ముతున్నాయి. బయటి కేసు స్టీలే కదా, అదే కాపాడదా అని అడిగేవారికి ఒక మాట: వాచీలకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతాన్ని పట్టించుకోదు, ఆపదు కూడా. ఇనుప పెట్టె నమ్ముకున్న వాచీకి అద్దం మూత పెట్టి లోపలి యంత్రాన్ని ప్రదర్శిస్తామంటే అది కోటకు ఒక గోడ తీసేసి కాపలా పెట్టినట్లే.

అద్దం మూత కావాలి, అయస్కాంతమూ సోకకూడదు అనేవారికి దారి వేరు. స్ప్రింగు పదార్థమే మార్చాలి. 2001లో యులిస్ నార్డాన్ 'ఫ్రీక్' వాచీతో సిలికాన్, మొదట స్ప్రింగుగా కాక చక్రాలుగా, లోపలికి అడుగుపెట్టింది. దానికి అయస్కాంతం అంటే ఏమిటో తెలియదు. 2013లో ఒమెగా 15,000 గాస్‌లకు తట్టుకునే వాచీ చూపించింది. తమరి లెక్కలో అది దాదాపు 12 లక్షలు. ఆ పక్కన తమరి నాలుగు వేల ఎనిమిది వందలు ఎలా ఉంటాయో తమరే ఊహించుకోండి.

ఖరీదైన వాళ్ల కథలు మాకెందుకు అంటారేమో. మధ్యతరగతి వాచీలకు స్వాచ్ గ్రూపు నివాక్రాన్ అనే టైటానియం మిశ్రలోహపు స్ప్రింగు తెచ్చింది. టిస్సో, హామిల్టన్, సెర్టినా, మిడో ఆటోమేటిక్‌లు (చేతి కదలికకే తమంతట తాము కీ ఇచ్చుకునే వాచీలు) చాలా వాటిలో ఇప్పుడు అదే ఉంటోంది. స్వాచ్ వారి సిస్టమ్51 అనే ప్లాస్టిక్ వాచీలోకి కూడా వచ్చేసింది. కొనేటప్పుడు ఒకటే జాగ్రత్త: పేరు అదే ఉన్నా పాత మోడల్‌లో పాత స్ప్రింగే ఉండవచ్చు. అందుకే నేను బిరుదు చదవను, స్ప్రింగు దేనితో చేశారో అడుగుతాను. అమ్మేవాడు 'యాంటీమాగ్నెటిక్ సార్' అని తమరినే చూపిస్తే, అతనికి తెలియదని నాకు తెలిసిపోతుంది.

సీకో 5 వంటి చౌక ఆటోమేటిక్‌ల వివరాల్లోనూ తమరే దర్శనమిస్తారు. వాటిని వద్దనను. నిజానికి చాలామందికి అదే చాలు. ఎందుకంటే చిన్న అయస్కాంతం బలం దూరంతో దారుణంగా పడిపోతుంది: దూరం రెండింతలైతే బలం ఎనిమిదో వంతు. ఫోనుకు ఒక జానెడు అవతల పెట్టిన వాచీకి తమరి రక్షణ అవసరమే రాదు. ఆ జానెడు చేసే పనికి పేరు మాత్రం తమరిది.

ఇంకో రహస్యం. ఫోనులోని దిక్సూచి తెరిచి వాచీని దగ్గరగా చుట్టూ తిప్పితే, అయస్కాంతం పట్టి ఉంటే సాధారణంగా ముల్లు గింజుకుంటుంది. అప్పుడు పట్టిన అయస్కాంతాన్ని వదిలించే డీమాగ్నెటైజర్ కావాలి. ఒక మాదిరి భోజనం ఖర్చులో దొరికే నీలం రంగు డబ్బా కూడా పని చేస్తుంది. లోపల ఏసీ కరెంటుతో క్షేత్రం దిక్కు మార్చుకుంటూ ఉంటుంది. వాచీని మెల్లగా పైకి, దూరంగా తీసుకుపోతే ఆ ఊగిసలాట క్రమంగా సన్నగిల్లి మిగిలిన అయస్కాంతం చెదిరిపోతుంది. వాచీ దగ్గరగా ఉండగానే స్విచ్చి ఆపితే మళ్లీ పట్టుకోవచ్చు, అదొక్కటే మెలకువ. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలకు ఈ తంతు అక్కర్లేదు. బలమైన క్షేత్రంలో మోటారు ఆగినా, దూరం జరిపితే మళ్లీ నడుస్తుంది. సరైన సమయం పెట్టుకుంటే చాలు.

కనుక తమరికి నా మనవి ఒక్కటే. బిరుదు ఉంచుకోండి. దాని పక్కన అదే స్టీలులో ఆ 30 సెకన్ల సంగతి కూడా చెక్కించండి. చోటు చాలకపోతే బిరుదు అక్షరాలు కాస్త చిన్నవి చేయించండి.

ఇట్లు,
డయల్ కన్నా ముందు వెనక మూత చదివే
ఒక కొనుగోలుదారుడు