పిల్లల చేతిలోంచి డబ్బా లాక్కోకండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన సంక్రాంతి సంబరాల్లో పిల్లల సంత చూశారుగా. ముగ్గుల పోటీ అయ్యాక, భోజనాల లైను మొదలవకముందు, హాలు వెనకాల బల్లలేసి పిల్లలచేత చేగోడీలు, గాజులు, వాళ్లే రంగులేసిన గాలిపటాలు అమ్మించారు. మా బల్ల దగ్గర రెండో తరగతి పిల్ల ఒకతి కూర్చుంది. చేగోడీల ప్యాకెట్టు మూడు డాలర్ల ముప్ఫై ఐదు సెంట్లు (మూడున్నర పెట్టొచ్చుగా అన్నారు కొందరు, చిల్లర లెక్కపెట్టాలనే అలా పెట్టాం). ఎవరో ఐదు డాలర్ల నోటిచ్చారు. పిల్ల నాణేలు బల్ల మీద పరిచి, పెదాలు కదుపుతూ ఒక్కోటీ పక్కకి జరుపుతోంది. వెనక లైను పెరిగింది. ఇంతలో నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి "నువ్వెళ్లి ఆడుకో తల్లీ" అని చిల్లర డబ్బా తీసేసుకుని క్యూఆర్ కోడు అతికించేశారు. మర్నాడు వాట్సాప్ గ్రూపులో "వచ్చే ఏడు నుంచి పిల్లల స్టాళ్లలో నగదు వద్దు" అని మెసేజ్, కింద వరసగా బొటనవేళ్లు.

నాకు ఒళ్లు మండింది.

అబాకస్ (పూసల లెక్క) పోటీల్లో కప్పులు తెచ్చుకునే పిల్లలకి చిల్లర దగ్గర చెయ్యి ఆగిపోతుంది, అందులో వాళ్ల తప్పేం లేదు. ఈ దేశపు నాణేలే అంత. పది సెంట్ల డైమ్, ఐదు సెంట్ల నికెల్ కన్నా చిన్నది, ఆ మాటకొస్తే ఒక సెంటు పెన్నీ కన్నా కూడా చిన్నది. విలువ అంకెల్లో వీటిలో దేనిమీదా ఉండదు. మన రూపాయి బిళ్ల మీద అంకె ఎంత పెద్దగా కనిపిస్తుందో గుర్తుందిగా! బళ్లో హాలోవీన్‌కి గుమ్మడికాయల మీద, క్రిస్మస్‌కి చెట్ల మీద నాణేల బొమ్మలేసిన వర్క్‌షీట్లు ఇస్తారు. మంచిదే, కానీ బొమ్మ నాణెం చేతికి తగలదు.

మనకి భోగిపళ్లు ఉన్నాయి కదండీ! మా ఇంట్లో రేగుపళ్లు దొరక్క క్రాన్‌బెర్రీలు, బంతిపూల రేకులు, చెరుకు ముక్కలు, నాణేలు కలిపి చంటిదాని తల మీద పోశాం. పెద్ద పిల్లలు సోఫా కింద దూరి మరీ ఏరుకున్నారు. ఏరుకున్నది లెక్క చెబితేనే సొంతం అన్నాను. మావాడికి అన్నీ డైములొచ్చాయి, మేనకోడలికి నికెళ్లు. "నావి చిన్నవి" అని వాడు ఏడుపు. రెండు నికెళ్లు తీసుకుని ఒక డైమ్ ఇస్తావా అంటే ఎగిరి గంతేశాడు. కాసేపటికి లెక్క చూసుకుంటే మొత్తం మారలేదు! అప్పుడు వాడి మొహం చూడాలి. ఇంకోటి గమనించాను, క్వార్టర్లయితే (ఇరవై ఐదు సెంట్ల నాణేలు) ఇరవై ఐదు, యాభై, డెబ్భై ఐదు అని గడగడా వెళ్లిపోతారు, అక్కణ్ణుంచి డైములకి, అంటే పదులకి మారేచోటే తడబాటు. అందుకే పెద్ద నాణేలతో మొదలుపెట్టించి, మారే ముందు ఒక్క క్షణం ఆగమనాలి.

ఆ మాటకొస్తే మనమేం తక్కువ? పండక్కి తాతయ్య చేతిలో పెట్టిన డబ్బులు "నేను దాస్తాలే" అని అమ్మ తీసేసుకునేది, మనం లెక్కపెట్టిందెప్పుడు? కొట్టుకి పంపేటప్పుడు మాత్రం "చిల్లర సరిగ్గా చూసుకో" అని ఒక కేక. కొట్టాయన చిల్లరకి బదులు చాక్లెట్ పెట్టినా నోరెత్తేవాళ్లం కాదు.

నగదు రోజులు పోయాయనే వాళ్ల మాట కొట్టిపారేయను. 2025 నవంబరులో వాడకానికి పెన్నీలు కొట్టడం కూడా ఆపేశారు. రేపు ఈ పిల్లలంతా ఫోన్లతోనే కొంటారు. కానీ మూడు ముప్ఫై ఐదుకి ఒక నికెల్ వేస్తే నలభై, ఒక డైమ్ వేస్తే యాభై, రెండు క్వార్టర్లతో నాలుగు, ఒక డాలరుతో ఐదు అని పైకి లెక్కపెట్టిన పిల్లకి తీసివేత వేళ్లలో ఉంటుంది. ఫోను బీప్‌మంటే ఆ పిల్లకి ఏం తెలుస్తుంది?

కమిటీ పెద్దలకి నా మనవి ఒక్కటే. ఉగాదికి మిగతా బల్లలన్నిటి మీదా మీ కోడ్లు పెట్టుకోండి, ఒక్క బల్ల మాత్రం నగదుకి వదలండి. లైను సాగకపోతే సాగకపోనివ్వండి, పులిహోర ఎక్కడికీ పోదు. వెనక నిలబడే పెద్దవాళ్లు చేతులు కట్టుకుని ఉంటే చాలు. చిల్లర డబ్బా నేను తెస్తాను.