థీమ్ ప్రకారం లేదని తీసేశాం

మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో ఈసారి పిల్లలకి ఆన్‌లైన్ డ్రెస్-అప్ పోటీ పెట్టిన సంగతి మీకు తెలిసిందే. హాలు దొరక్క ముగ్గుల పోటీ రద్దయితే, ఆ లోటు తీర్చడానికి కల్చరల్ కమిటీ అనుకున్న కార్యక్రమం అది. స్క్రీన్ మీద బొమ్మకి థీమ్ ప్రకారం బట్టలు వేసి ర్యాంప్ మీదికి పంపే ఆట, పిల్లలు ఎలాగూ రోజూ ఆడేదే. బయటివాళ్ళు రాకుండా ప్రైవేట్ సర్వర్ తీసుకున్నాం, పక్కన జూమ్ పెట్టుకున్నాం. 9 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలు 24 మంది పేర్లిచ్చారు. థీమ్ ‘మన తెలుగింటి ముస్తాబు’. ఆట మీద ఓ కన్నేసి ఉంచే మోడరేటర్లం ఇద్దరం, అందులో ఒకరిని నేను.

మూడో రౌండ్‌లో ఒక పాపను ఆటలోంచి తీసేశాం. ‘తీసేశాం’ అని అందరి మీదికీ నెట్టడం న్యాయం కాదు. బటన్ నొక్కింది నేను. వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజులు ఎవరికి తోచింది వాళ్ళు రాసి వదిలేశారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రౌండ్‌లో మిగతా పిల్లలు ఏం వేశారో ఊహించడం కష్టం కాదు. పట్టుచీర, లంగావోణీ, వడ్డాణం, పూలజడ. ఆ ఆటలో అవి కూడా సరిగ్గా ఉండవు, ఉన్న గౌన్లనీ చున్నీలనీ కలిపి పిల్లలే తంటాలు పడి తయారుచేస్తారు. ఈ పాప ఎర్రటి గౌను తీసుకుని దాని మీద మూడు రకాల డిజైన్లు వేసింది. ‘జిప్సీ’ అని పేరున్న నాణేల బెల్టు నడుముకి పెట్టింది. తెల్ల గాజు ఒకే ఒక్కటి దొరికితే దాన్నే మణికట్టు నుంచి భుజం దాకా వరసగా పేర్చింది. తల మీద ముసుగు. ఒంటి నిండా అక్కడక్కడా చిన్న చిన్న మెరుపులు.

చాట్‌లో ఒకరు ‘ఇది హాలోవీనా?’ అన్నారు. ఇంకొకరు ‘రాజస్థాన్’ అన్నారు. ‘రాంగ్ థీమ్’ అని ఇద్దరు ముగ్గురు వరసగా కొట్టారు. నాకు మూడు రిపోర్టులు వచ్చాయి. ర్యాంప్ మీదికి వెళ్ళడానికి 40 సెకన్లు ఉంది. జూమ్‌లో పెద్దవాళ్ళు కూడా ‘త్వరగా కానివ్వండి’ అంటున్నారు. నేను థీమ్ ప్రకారం లేదనుకుని తీసేశాను. ఎందుకు తీశానో ఆ పాపకి చెప్పలేదు. కాసేపటికి జూమ్‌లో ఆ ఇంటి కెమెరా ఆగిపోయింది. అది కూడా నేను తర్వాత రికార్డింగ్‌లో చూశాను.

రెండు రోజుల తర్వాత వాళ్ళమ్మ ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

‘‘అక్కా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకండి. పాప ఏం తప్పు చేసింది? వాళ్ళ నానమ్మ ఫొటో ముందర పెట్టుకొని వేసింది అక్కా ఆ డ్రెస్సు. మేం లంబాడోళ్ళమని మీకు తెల్వదు గదా, మేం కూడా ఎప్పుడు చెప్పలేదు. నీ లెక్కనే తయారయిన అని నానమ్మకు ముందే చెప్పుకుంది. ఫస్టొచ్చిందా అని మా అత్తమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నది. నేనేం చెప్పాలె?’’

నా దగ్గర జవాబు లేదు. ఆ ఫొటో పంపమని అడిగాను. తండాలో ఇంటి ముందు నిలబడ్డ పెద్దావిడ. ఎర్రటి పేటియా (పావడా), అద్దాలు కుట్టిన కాంచళి (రవిక), భుజం దాకా తెల్ల గాజులు. ఫొటో తీసినప్పుడు ఫ్లాష్ అద్దాల మీద పడి బట్టల నిండా తెల్లటి చుక్కలు మెరిశాయి. ఆ పాప పెట్టిన మెరుపులు అవి. ఆటలో అద్దాల డిజైన్ దొరకలేదు, ఫొటోలో వెలుతురు ఎక్కడెక్కడ పడిందో చూసుకుని అక్కడక్కడ ఒక్కో మెరుపు అతికించింది. ఆ రోజు 24 మంది పిల్లల్లో అంత శ్రద్ధగా చూసి వేసినవాళ్ళు ఇంకొకరు లేరని నేను గట్టిగా చెప్పగలను.

తెలంగాణలో గిరిజనుల్లో అందరికంటే ఎక్కువమంది లంబాడీలే. ఆంధ్రలో సుగాలీలంటాం. ఇంట్లో వాళ్ళ మాట వేరు, బడిలో చదివింది తెలుగు. మన పక్క ఊళ్ళ వాళ్ళు, మనతో బస్సెక్కినవాళ్ళు, మనతో కాలేజీలో చదివినవాళ్ళు. అలాంటివాళ్ళ బట్టలు చూసి మన పిల్లలు ‘హాలోవీనా?’ అన్నారంటే ఆ మాట పిల్లలది కాదు. ‘తెలుగుదనం’ అని మనం స్టేజీ మీద ఇన్నేళ్ళుగా ఏం చూపించామో అదే వాళ్ళు నేర్చుకున్నారు.

పోయిన ఏడాది ఉత్తరం గుర్తుందా? ఒక గేమ్ కంపెనీ బొట్టుని ‘ట్రైబల్ డాట్’ అని పేరు పెట్టి, మ్యూజిక్ ఫెస్టివల్ ప్యాక్‌లో స్టిక్కర్‌గా అమ్ముతోందని మన సంఘం అభ్యంతరం చెప్పింది. రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. వాళ్ళు పేరు మార్చారు, మనం జనరల్ బాడీలో చప్పట్లు కొట్టుకున్నాం. ఆ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా నేను ఇవాళ వెనక్కి తీసుకోను. 1987లో అమెరికాలోని జెర్సీ సిటీలో ‘డాట్‌బస్టర్స్’ అని పేరు పెట్టుకున్న గుంపు, మనవాళ్ళని అక్కణ్ణించి వెళ్ళగొడతామని పత్రికకి ఉత్తరం రాసి మరీ బెదిరించింది. ఆ రోజుల్లోనే పక్కనే ఉన్న హొబోకెన్‌లో భారతీయ యువకుణ్ణి కొట్టి చంపారు. ఆ గుంపు పేరులోని ‘డాట్’ మన ఆడవాళ్ళ బొట్టే. బయటికి వెళ్ళేటప్పుడు బొట్టు తీసేసి, ఇంటికొచ్చి అద్దం దగ్గర మళ్ళీ పెట్టుకున్న పెద్దవాళ్ళు మన సంఘంలో ఇప్పటికీ ఉన్నారు. 2013లో ఎంటీవీ మూవీ అవార్డుల స్టేజీ మీద అమెరికన్ గాయని సెలీనా గోమెజ్ బొట్టు పెట్టుకుని పాడినప్పుడు అది ఫ్యాషనైంది. ఒకరు పెట్టుకుంటే భయం, ఇంకొకరు పెట్టుకుంటే ముచ్చట. ఇది బాధపెట్టే విషయమే.

అయితే ఆ కంపెనీని మనం ఏమని అడిగాం? మా వస్తువు పేరేంటో, దాని వెనక ఏముందో ఒక్కసారి మమ్మల్ని అడగండి అన్నాం. నేను ఆ పాపని అడగలేదు. ‘ట్రైబల్ డాట్’ అన్నందుకు మనకి అంత కోపం వచ్చిందే, అదే ఆట ఒక తండా పెద్దావిడ నడుం పట్టీకి ‘జిప్సీ’ బెల్టు తప్ప వేరే వస్తువు ఇవ్వకపోతే మనలో ఒక్కరికీ కంటికి ఆనలేదు. యూరప్‌లో బయటివాళ్ళు ‘జిప్సీ’లని పిలిచే రోమా ప్రజల్లో చాలామంది ఆ మాటని తిట్టుగానే తీసుకుంటారు. ఒక్క పేరుతో రెండు చోట్ల మనుషులకి దెబ్బ తగులుతోంది.

కమిటీ తరఫున చెప్పాల్సింది కూడా చెబుతాను. థీమ్ అన్నాక దానికో హద్దుండాలి, నిజమే. హద్దు లేకపోతే మొదటి రౌండ్‌లోలా ఒకరు రాక్షసుడి కొమ్ములతో వస్తారు. వాలంటీర్లు ఉద్యోగాలు చేసుకుని, శనివారం ఇంటి పనులు వదిలేసి కూర్చున్నవాళ్ళు. 40 సెకన్లలో ఎవరికీ అంతా తెలియదు. ఎగతాళికి వేసే వేషాలు కూడా నిజంగా ఉంటాయి. ముఖం మీద పెద్ద బొట్టు పెట్టి, మన యాసని వెక్కిరిస్తూ చాట్‌లో రాసే ఆటగాళ్ళని మా అమ్మాయి చాలాసార్లు చూసింది. అలాంటివాళ్ళని నేను ఇవాళైనా క్షణం ఆలోచించకుండా తీసేస్తాను. కానీ ఆ ఇద్దరికీ తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ‘ఇది ఎవరిది నాన్నా, చెప్తావా?’ వెక్కిరించేవాడు నవ్వుతాడు. ఈ పాపైతే ఫొటో చూపించేది.

‘ఇది మాది, అది మీది కాదు’ అనే పట్టుదల ఎక్కడిదాకా పోతుందో డ్రెస్-అప్ ఆటల్లోనే ఒకసారి చూశాం. 2020 అక్టోబర్ చివర్లో ‘షైనింగ్ నిక్కీ’ అనే ఆట కొరియాలో విడుదలైంది. కొరియా వాళ్ళ కోసం వాళ్ళ సంప్రదాయ దుస్తులు హాన్‌బోక్ పెట్టారు. అది మా సంప్రదాయ దుస్తులు హాన్‌ఫు అని చైనా ఆటగాళ్ళు గొడవకి దిగారు. ఆట తయారుచేసిన చైనా కంపెనీ ఆ బట్టలు తీసేయడమే కాదు, నవంబర్ మొదటి వారంలోనే కొరియా సర్వర్ మూసేస్తున్నామని చెప్పేసింది. ఆట మొదలై అప్పటికి గట్టిగా వారమే. ఇష్టపడి డబ్బులు పెట్టి బొమ్మకి బట్టలు కొనుక్కున్న ఆడపిల్లలు అందులో ఎంతమంది ఉన్నారో. బట్ట ఎవరిదో తేల్చే పని మోడరేటర్ నెత్తిన పెడితే, అతనికి తెలిసిన దారి తీసేయడం ఒక్కటే. నేనూ అదే చేశాను.

ఇంకో రెండు విషయాలు రికార్డింగ్ మళ్ళీ చూస్తేగానీ నా దృష్టికి రాలేదు.

మన ఇళ్ళల్లో హర్షిత, రక్షిత, అక్షిత అని ఎంతమంది పిల్లలున్నారో చూడండి. ఆ పేర్లు ఇంగ్లీషులో రాస్తే మధ్యలో నాలుగు అక్షరాలు కలిసి బూతు మాటవుతుంది. ఆటలో బూతులు ఆపే ఫిల్టర్‌కి పేరు తెలియదు, అక్షరాలే తెలుసు. ఆ రోజు ఒక పాప పేరు స్క్రీన్ మీద హ్యాష్ గుర్తులై కూర్చుంది. ‘ఆంటీ, నా పేరు బ్యాడ్ వర్డా?’ అని అడిగింది. ఇది కొత్త రోగం కాదు. 1996లోనే ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఫిల్టర్ ఇంగ్లండ్‌లోని స్కన్‌థోర్ప్ అనే ఊరి పేరులో బూతు వెతుక్కుని, ఆ ఊరివాళ్ళని అకౌంటు తెరవనివ్వలేదు. ఇన్నేళ్ళైనా మన పిల్లల పేర్లకి అదే గతి.

రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ ఆటలో ఒంటి రంగులు చాలా ఉన్నాయి. మన పిల్లల్లో ఎక్కువమంది తెల్లటి రంగులే ఎంచుకున్నారు. ఒక బాబు వాళ్ళక్క బొమ్మకి తమ ఒంటి రంగే వేస్తే, చాట్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులో ఒక మాట వచ్చింది: ‘కరెంట్ పోయిందా?’ హర్షిత పేరుని పట్టుకున్న ఫిల్టర్ దీన్ని పట్టుకోలేదు, దానికి చేతకాదు కూడా, తెలుగు రాదు కదా. తెలుగొచ్చిన మేం ఇద్దరం ఉన్నాం కదా. జూమ్‌లో నవ్వు వినిపించింది, అందులో పెద్దవాళ్ళ గొంతులున్నాయి. నేను నవ్వలేదు గానీ ఆపలేదు. నలుపు నారాయణుడు మెచ్చు అని మాట్లాడే జాతి మనది, పెళ్ళి సంబంధం దగ్గర మొదటి ప్రశ్న అమ్మాయి రంగు. చిన్నప్పుడు నాకు శనగపిండి రాసి రాసి చర్మం మంటెత్తించారు. అంత ప్రేమగా రాసింది మా అమ్మమ్మే. ఆవిడ మీద కోపం లేదు. కానీ ఆ నవ్వుని ఇంకో తరానికి మోసుకురావద్దని ప్రాధేయపడుతున్నాను.

దసరాకి మళ్ళీ ఇలాంటి పోటీ పెట్టాలని కమిటీ అనుకుంటోంది. పెట్టండి. పిల్లలు దాన్ని ఎంత ఇష్టపడ్డారో నేను చూశాను. అయితే ఈసారి ఎవరినైనా ఆపేముందు ఒక్క ప్రశ్న అడుగుదాం. ఆపితే ఎందుకు ఆపామో ఆ పిల్లకే, వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెబుదాం. మోడరేటర్ పొరపాటు చేస్తే సరిదిద్దడానికి ఇంకో మనిషి ఉండాలి. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఎవరి పోస్టునైనా తీసేస్తే కారణం చెప్పాలని, పెద్ద ప్లాట్‌ఫారంలలో దాని మీద అప్పీలు చేసుకునే వీలుండాలని అందులో ఉంది. అంతంత కంపెనీలని కారణం చెప్పమని చట్టం అడుగుతుంటే, 24 మంది పిల్లలున్న మన సర్వర్‌లో చెప్పడానికి మనకేం అడ్డం?

మోడరేటర్లుగా ఎప్పుడూ మేమే కూర్చోవడం కూడా ఆగాలి. సంఘంలో ముస్లిం కుటుంబాలున్నాయి, క్రైస్తవ కుటుంబాలున్నాయి, తండాల నుంచి వచ్చినవాళ్ళున్నారు, ఉత్తరాంధ్ర వాళ్ళున్నారు. ఉగాదికి టికెట్లు కొంటారు, సభ్యత్వం కడతారు. స్టేజీ వెనక కుర్చీలు సర్దడానికి పిలుస్తాం కదా, నిర్ణయాలు తీసుకునే కుర్చీలోకి కూడా పిలుద్దాం. 15 ఏళ్ళ సౌదీ అమ్మాయి రయూఫ్ అల్‌హుమైది, తలకి హిజాబ్ కట్టుకున్న ఎమోజీ కావాలని అడిగితే 2017లో అది అందరి ఫోన్లలోకీ వచ్చింది. మన పాప నోరు తెరిచి ఏమీ అడగలేదు. వేసి చూపించింది.

వాళ్ళమ్మకి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ‘అయ్యో అక్కా, పెద్ద మాటలు వద్దు’ అంది. పాపతో మాట్లాడతానంటే ఫోన్ ఇచ్చింది. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఒకటే అడిగింది: ‘నెక్స్ట్ టైమ్ అదే వేసుకోవచ్చా?’ అదే వేసుకోమ్మా అన్నాను. వచ్చే నెల మొదటి శనివారం అదే థీమ్‌తో మూడో రౌండ్ మళ్ళీ ఆడిస్తున్నాం. సర్వర్ కోడ్ అందరికంటే ముందు ఆ ఇంటికే పంపాను. నానమ్మ కూడా చూడాలంటున్నారట, అందుకే ఆవిడ ఉన్నచోట పొద్దుగూకకముందే అయ్యేలా టైమ్ మార్చాం. మీ పిల్లల్ని కూడా పంపండి.