తడిపితేనే కదిలే కాగితం

కాగితంతో రోగాన్ని కనిపెట్టొచ్చని 2007లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం చూపించింది. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మూత్రపు చుక్క అంటిస్తే కాగితమే పీల్చుకుంటుంది, చక్కెర, ప్రొటీను ఉంటే రంగు మారుతుంది. ఇందులో వింతేముందో నాకర్థం కాలేదు. తడిపితేనే కాగితం కదులుతుందని మా అనంతపురం ఆఫీసుల్లో అటెండరుకు కూడా తెలుసు. కాకపోతే ఇక్కడ చుక్కతో పనికాదు, చెయ్యి బాగా తడపాలి.

మొన్న మేలో మా అన్న కొడుక్కి చలిజ్వరమొస్తే ఒక సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయినా. ముందు టోకెను. తర్వాత ఓపీ చీటీ. తర్వాత కిటికీ.

"ఆధార్ జిరాక్స్ ఏదీ?"

"ఒరిజినలే ఉంది సార్."

"ఒరిజినల్ నేనేం చేసుకోను? జిరాక్స్ తీస్కోనిరా పో."

జిరాక్స్ షాపులో కరెంటు లేదు. వచ్చాక తెచ్చిస్తే, "రెండు కాపీలు కావాల." రెండోది తెచ్చేసరికి భోజనాల టైము. ఆ తర్వాత రేషన్ కార్డు జిరాక్స్. అప్పుడు మలేరియా పరీక్షకు చీటీ రాసిచ్చినారు. ల్యాబులో ఆ చీటీ తీసుకుని, "కిట్లు లేవు, బయట చేయించుకో" అని ఇంకో చీటీ ఇచ్చినారు. మొత్తం ఏడు కాగితాలు. ఇంతకన్నా సంపూర్ణమైన కాగితపు పరీక్ష హార్వర్డ్ వాళ్ళు కలలో కూడా చేసుండరు.

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాశ్ బృందం కాగితం బిళ్లకు దారం కట్టి, మన పిల్లలు సోడామూతతో ఆడే ఆటలాగే, నిమిషానికి 1,25,000 చుట్ల దాకా తిప్పొచ్చని చూపించింది, అట్ల తిప్పి రక్తంలోంచి ప్లాస్మాను వేరుచేసింది. ఖర్చు 20 సెంట్లు. తిప్పడంలో మనమేం తక్కువ? లైన్లో నా ముందు కళ్యాణదుర్గం నుంచి బిడ్డను భుజానేసుకుని వచ్చినామెను కిటికీ కిటికీకీ తిప్పుతూనే ఉన్నారు. ఖర్చు ఆమె ఒకరోజు కూలి.

కిట్లు లేవన్నది కూడా అబద్ధమే. వెనక రేకుల గదిలో అట్టపెట్టెలు నేనే చూసినా. 30 డిగ్రీలు దాటకూడదని వాటి మీద అచ్చేసుంది. బయట ఎండ నలభై దాటింది, రేకుల కింద ఎంతో మీరే అనుకోండి. ఏసీ మాత్రం ఫైళ్ల బీరువా ఉన్న గదిలో ఉంది. మన జిరాక్సులు అక్కడ చల్లగా పడుకున్నాయి. ఆ కిట్టుతో పరీక్షకు కావాల్సింది ఒక్క రక్తపు చుక్క, ఇరవై నిమిషాలు! దానికి ఆ బిడ్డను సాయంత్రం దాకా కాలే ఒంటితో కూర్చోబెట్టినారే, వాళ్లకు పిల్లలు లేరా?

ఆమె మాత్రం ఏమీ అనలేదు. "ఇంగ ఏమన్నా జిరాక్స్ కావాల్నా సార్?" అని అడిగింది.