ఇసబ్గోల్ అట్టు

తాతయ్యకు మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో 8.1 వచ్చి, చక్కెర ఎక్కువగా ఉందని తేలిన వారం సంగతి. అమ్మమ్మ బాదం పిండితో ప్యాన్‌కేకులు మొదలుపెట్టింది. తాతయ్య ఇసబ్గోల్ డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను పేపరు చాటున ఉన్నాను.

తాతయ్య: ఇది పొయ్యి పక్కకు ఎందుకు వచ్చింది?

అమ్మమ్మ: నడిచి రాలేదు. నేనే తెచ్చాను.

తాతయ్య: నాకు మలబద్ధకమని నీకు ఎవరు చెప్పారు?

అమ్మమ్మ: ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మీరే చెబుతున్నారు.

తాతయ్య: బుకాయించకు! నిన్న ఫోనులో అక్కతో నువ్వు అన్నది విన్నాను. "పొద్దున్న మూడుసార్లు ప్రయత్నించినా సరిగ్గా రాలేదు వదినా" అన్నావా, లేదా?

అమ్మమ్మ: అన్నాను. అట్టు.

తాతయ్య: "ఇసబ్గోల్ వేస్తే సాఫీగా వస్తుందంటారా" అన్నావా?

అమ్మమ్మ: అన్నాను. అదీ అట్టే. గోధుమ పిండికి ఉన్న సాగుడు బాదం పిండికి లేదు, తిరగేయబోతే విరుగుతోంది. గుడ్లతో పాటు చెంచాడు ఇసబ్గోల్ కలిపి పది నిమిషాలు నాననిస్తే పట్టు వస్తుంది.

తాతయ్య: అట్టు గురించే అయితే, "ఆయన మొహం చూడలేకపోతున్నాను, పాపం" అని ఎందుకన్నావు?

అమ్మమ్మ: ఆ ముక్కలు తింటున్నప్పుడు మీ మొహం మీరు చూసుకోలేదు కాబట్టి.

తాతయ్య: అసలు బాదం పిండి ఎందుకు? ఇంట్లో రాగి పిండి లేదా?

అమ్మమ్మ: రాగుల్లోనూ 100 గ్రాములకు 70 గ్రాముల దాకా పిండి పదార్థమే. బాదం పిండిలో 20, అందులో సగం పీచే.

తాతయ్య: పీచు! చూశావా, తిరిగి తిరిగి అక్కడికే వచ్చావు!

అమ్మమ్మ: వచ్చింది నేను కాదు. మీరు అక్కడి నుంచి కదిలితే కదా!

తాతయ్య: పోనీ కొబ్బరి పిండితో వేయలేకపోయావా?

అమ్మమ్మ: సోమవారం వేశాను. పావు కప్పు పిండి పోసిన నీళ్లన్నీ పీల్చేసి, గట్టిపడి రాయిలా కూర్చుంది.

తాతయ్య: "గట్టిపడి రాయిలా కూర్చుంది"! ఇదీ అక్కకు చెప్పావు!

అమ్మమ్మ: చెప్పాను. ఆవిడ "నీళ్లు పెంచు" అన్నారు.

తాతయ్య: అందుకేనా రాత్రి అన్నంలో మజ్జిగ అంత పలచగా పోశావు?

(ఈ మజ్జిగ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. అమ్మమ్మ మంట తగ్గించింది. బాదం పిండి తొందరగా మాడుతుంది. తాతయ్య అంతకంటే తొందరగా.)

తాతయ్య: నా పరువు నేనే కాపాడుకున్నానులే. పొద్దున్నే అక్కకు ఫోను చేసి, నాకు అలాంటి బాధ ఏదీ లేదు, రోజూ ఆరింటికల్లా అయిపోతుంది అని స్పష్టంగా చెప్పాను. బావకూ చెప్పమన్నాను.

అమ్మమ్మ: అయ్యో రామా! నిన్నటిదాకా వదినకు తెలిసింది అట్టు ఒక్కటే.

తాతయ్య: (కొంచెంసేపు ఆగి) ఒక్కటేనా?

ఫోను మోగింది. కాకినాడ నుంచి బావ. గొంతు హాల్లోకి కూడా వినిపించింది: "సిగ్గుపడకయ్యా, ఈ వయసులో ఎవరికైనా ఉండేదే. త్రిఫల చూర్ణం పంపిస్తున్నాను."

తాతయ్య ఫోను బోర్లించి, పీట మీద కూలబడ్డాడు. అమ్మమ్మ ఒక్కచోట కూడా విరగని అట్టు ఆయన పళ్లెంలో వేసింది.

తాతయ్య: నీ పళ్లెంలో ముక్కలేమిటి?

అమ్మమ్మ: విరిగినవి నావి.

తాతయ్య: ఇలా ఇవ్వు. (సగం అట్టు తుంచి ఆమె పళ్లెంలో పడేశాడు.) బాగానే ఉంది. చెక్కపొడిలా ఉంది, అయినా బాగానే ఉంది. ఇంకొకటి వేయి.

అమ్మమ్మ: ముందు ఈ గ్లాసెడు నీళ్లు తాగండి. ఇసబ్గోల్ తిని నీళ్లు తాగకపోతే, రేపు ఆరింటికి వదినకు మళ్లీ ఫోను చేయాల్సి వస్తుంది.