మేనల్లుడి హద్దులు

మా మేనల్లుడు తన హద్దులు తెలుసుకోవడానికి కోనసీమ వచ్చాడు. శారీరకం, మానసికం, రెండూనట. హైదరాబాదులో దొరకలేదు కాబోలు. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా నాలుగు రోజులు, గట్ల వెంట ఒంటరి నడక. వెనకాల స్కూటర్ మీద నేను. నేను లెక్కలోకి రానట.

నడకని ఎగతాళి చేస్తే కళ్ళు పోతాయి. అమెరికాలో అపలాచియన్ ట్రైల్ అని సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట ఉంది. మొత్తం నడవాలంటే ఐదారు నెలలు. బరువు తగ్గుతుందని కొందరు టూత్‌బ్రష్ పిడి కూడా సగానికి కోసేస్తారు. వాళ్ళకో దండం. మావాడూ బ్రష్షు కోసుకొచ్చాడు. ఆత్రేయపురంలో ఆరు డబ్బాల పూతరేకులు కొన్నాడు. నలిగిపోతాయని డబ్బాలు తను పట్టుకుని, సంచి నా స్కూటర్‌కి తగిలించాడు.

లొల్ల లాకుల దగ్గర టీకొట్టులో అసలు సంక్షోభం మొదలైంది. వాచీ చూసుకుని మొహం వేలాడేశాడు. పొద్దుటి నుంచీ ఎక్కిన ఎత్తు పదకొండు మీటర్లేనట. "ఎలివేషనే లేదు మావయ్యా!" కొట్లో జనానికి నిజంగా జాలేసింది. మా డెల్టాలో ఎక్కడానికి ఉన్నవి రెండే: వంతెన, కొబ్బరిచెట్టు. "గౌతమి వంతెన పదిసార్లు ఎక్కి దిగండి బాబూ, సరిపోద్ది" అన్నాడొకాయన, నవ్వకుండా. కొబ్బరిచెట్టు మాట ఎత్తగానే మావాడు టీ మీద శ్రద్ధ పెట్టాడు.

అంతలో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఓ ముసలమ్మ వచ్చింది. కర్రలు, కళ్ళజోడు, మోకాలి పట్టీ చూసి ఆగింది.

"బస్సు ఎల్లిపోయిందా బాబూ?"

"లేదండీ, నా లిమిట్స్ టెస్ట్ చేసుకుంటున్నాను."

ఆవిడ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "అప్పులోళ్ళా?"

ఇంతవరకూ నాకూ సరదాగానే ఉంది. ఆ రాత్రి వాడు ఫోన్‌లో ఏదో రాసి, చదివి వినిపించాడు: "నొప్పి అనేది మనసు చెప్పే అబద్ధం."

అబద్ధమా? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటిపోయాయి. అప్పుడు నది మధ్య లంకల్లో జనం గుండెల్లోతు నీళ్ళలో మంచినీళ్ళ క్యాన్లు మోసుకుంటూ నడిచారు. దూడని భుజాన వేసుకున్న ముసలాయన్ని నేను కళ్ళారా చూశాను. కాళ్ళు చెక్కుకుపోయి ఉన్నాయి. ఆయన్ని ఎవడైనా ఇంటర్వ్యూ చేశాడా? కొబ్బరికాయల దింపుకి చెట్టెక్కినవాడు జారిపడి నడుం విరిగితే, ఆ నొప్పి కూడా అబద్ధమేనా? వాడికి మెడలో పతకం వెయ్యరే? పడవ లేక బాలింత గట్టు దాకా నడిచి వస్తే దాన్ని సాహసం అనరు, ఖర్మ అంటారు. సిగ్గుండాలి!

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మావయ్యా, ఇది వేరే జర్నీ" అన్నాడు.

రెండో రోజు రావులపాలెంలో మడమ మీద బొబ్బ లేచింది. శనగగింజంత. ఏసీ కారు మాట్లాడాం. ఎక్కీ ఎక్కగానే పూతరేకుల డబ్బా విప్పి, అంతర్వేది ఇంకెంత సేపని డ్రైవర్ని అడిగాడు.