మైకు ఇస్తారు సరే, వినేదెవరు?

పోయిన మాఘమాసంలో మా బాబాయి కూతురి రిసెప్షన్‌లో నాకు మైకు ఇచ్చారు. వారం రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాసుకున్నాను, అద్దం ముందు రెండుసార్లు చదువుకున్నాను, జనం నవ్వే చోట ఎంతసేపు ఆగాలో కూడా లెక్క వేసుకున్నాను. తీరా స్టేజి ఎక్కితే ఎడమ పక్కన ఫొటోల లైను, అది మెట్లు దిగి ఐస్‌క్రీమ్ స్టాల్ దాకా సాగింది. కుడి పక్కన వీడియో తీసే అబ్బాయి "అన్నా, ఫ్రేములోకి వస్తున్నారు, కొంచెం జరగండి" అంటున్నాడు. మొదటి పేజీ సగానికి వచ్చేసరికి పెళ్లికూతురు ఎవరో ఇచ్చిన బొకే అందుకుంటోంది. ఇంకో రెండు ముక్కలు చదివానో లేదో, యాంకర్ వచ్చి "ఎమ్మెల్యే గారు వచ్చారు సార్" అంటూ నా చేతిలోంచి మైకు మర్యాదగానే తీసుకుంది. మళ్లీ ఇవ్వలేదు. (ఎమ్మెల్యే గారు కూడా ఏం మాట్లాడలేదు, ఫొటో దిగి వెళ్లిపోయారు.) నేను చదివిన ఆ కాస్తయినా శ్రద్ధగా విన్నది కుర్చీలకు కవర్లు సర్దుతున్న కుర్రాడు ఒక్కడే అనుకుంటాను.

చాలా రోజులు ఉక్రోషంగా ఉండేది. తర్వాత ఆలోచిస్తే తప్పు ఎమ్మెల్యే గారిదీ కాదు, యాంకర్‌దీ కాదు, ఆ చోటుదనిపించింది.

పెళ్లిలో స్పీచ్ అనేది మనకు ఎక్కువగా అమెరికా చుట్టాల సూట్‌కేసుల్లోనే వచ్చింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్ల పెళ్లికి వెళ్లినవాళ్లకు తెలుస్తుంది, అక్కడ రిసెప్షన్ అంటే కూర్చుని తినే భోజనం. ఎవరు ఏ టేబుల్ దగ్గరో ముందే రాసి ఉంటుంది, వచ్చేవాళ్ల లెక్క ముందే తెలుసు, వంటకానికీ వంటకానికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో పెళ్లికూతురి నాన్న లేస్తాడు, తర్వాత స్నేహితురాలు, ఆ తర్వాత పెళ్లికొడుకు తమ్ముడు. చేతిలో గ్లాసు ఉంటుంది కాబట్టి స్పీచ్‌కు ముగింపు కూడా రెడీమేడ్‌గా దొరుకుతుంది, గ్లాసు ఎత్తితే అయిపోయినట్టే. మన రిసెప్షన్‌లో ఎనిమిది వందల మంది ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కవరు చేతిలో పెట్టి, ఫొటో దిగి, కింద అంతస్తులో తిని, కిళ్లీ వేసుకుని వెళ్లిపోతారు. అందరూ ఒకేసారి ఒకేచోట కూర్చున్న క్షణమంటూ ఆ మూడు నాలుగు గంటల్లో ఒక్కటీ ఉండదు. అలాంటి చోట స్పీచ్ పెట్టడమంటే బస్టాండులో కవి సమ్మేళనం పెట్టడమే.

మన చర్చి పెళ్లిళ్లు చూడండి, పాస్టర్ గారు ఎఫెసీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయం తీసి అరగంట మాట్లాడినా జనం వింటారు. వాళ్లకేదో ఓపిక ఎక్కువని కాదు. బెంచీలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి, బిర్యానీ ఇంకా మొదలవలేదు, అంతే.

హిందూ పెళ్లి సంగతి వేరు. అసలు ముహూర్తం వేళకు అక్కడ మాట వినపడకూడదనే ఏర్పాటు ఉంది. మాంగల్యధారణ సమయానికి పంతులుగారు చెయ్యి ఊపగానే గట్టిమేళం అందుకుంటుంది. ఎవరి తుమ్మూ, ఎవరి నోటి నుంచి జారిన చెడ్డమాటా వినిపించకూడదనే ఆ డోలు మోత అని పెద్దవాళ్లు చెబుతారు. పెళ్లికి వచ్చిన చుట్టాల నోటి మీద మనవాళ్లకున్న నమ్మకం అది!

అలాగని మాటల్లేని పెళ్లి కాదు మనది. వియ్యపురాలిని ఎగతాళి చేస్తూ ఆడవాళ్లు పాడే పాటల ముందు ఇప్పటి రోస్ట్ స్పీచ్‌లు చప్పగా ఉంటాయి. తర్వాత కాలంలో చదువుకున్న స్నేహితులు పంచరత్నాలని అయిదు పద్యాలు అచ్చు వేయించి, పందిట్లో చదివి, కాపీలు పంచేవారు. చంపకమాల గణాలు సరిపోయాయో లేదోగాని వధూవరుల పేర్లు మాత్రం పద్యంలో ఎలాగోలా ఇరికేవి. ఇక కృష్ణా, గుంటూరు, ఖమ్మం, నల్గొండ వైపు కమ్యూనిస్టు, హేతువాద కుటుంబాల్లో దండల పెళ్లి అంటే అది పూర్తిగా సభే, ఒక అధ్యక్షుడు, నలుగురు వక్తలు, ప్రమాణం, దండలు, వందన సమర్పణ. పెళ్లి మాటలు పెళ్లి చేసుకునేవాళ్లకు అర్థం కావాలన్న పట్టుదల మనకు కొత్తదేం కాదు. హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహ విధి' రాసి తెలుగులోనే పెళ్లిళ్లు చేయించారు. అయితే దండల పెళ్లి ఉపన్యాసాల మీద నాదొక ఫిర్యాదు ఉంది. నేను విన్నవాటిలో చాలావరకు మూఢనమ్మకాల మీద మొదలై, కులవ్యవస్థ మీదుగా సాగి, అంతర్జాతీయ పరిస్థితి దగ్గర తేలాయి. అరగంట సేపు మెడలో బరువైన దండతో చెమటలు కక్కుతున్న ఆ ఇద్దరి గురించి ఒక్క ముక్క ఉండదు.

వీటన్నిటికంటే పాత స్పీచ్ మనకొకటి ఉంది, ప్రవర. చతుస్సాగర పర్యంతం అని మొదలుపెట్టి రుషులు, గోత్రం, ఆ తర్వాత ముత్తాత, తాత, తండ్రి. పెళ్లికూతురి వైపు వచ్చేసరికి నప్త్రీం, పౌత్రీం, పుత్రీం అంటూ ఫలానా వారి మునిమనవరాలు, ఫలానా వారి మనవరాలు, ఫలానా వారి కూతురు అని పందిరంతా వినేలా చదువుతారు, ఒకసారి కాదు, మూడుసార్లు. ఇద్దరు మనుషుల్ని నలుగురి ముందు పరిచయం చేయడానికి ఇంత సూటి పద్ధతి ఇంకోటి నాకు తెలియదు. కానీ ఆ పేర్లన్నీ మగవాళ్లవే. తొమ్మిది నెలలు మోసినామె పేరు, ఆమెను కన్నామె పేరు అందులో ఎక్కడా రావు.

ఈ సంగతి నాకు తట్టలేదు, మా బాబాయి చెబితే తెలిసింది. రిసెప్షన్‌కు ముందురోజు తెల్లవారుజామున పెళ్లయింది. మధ్యాహ్నం ఇంటి ముందు షామియానా కింద బంతి భోజనాలు, రెండు వైపులవాళ్లూ కలిపి అరవై మంది ఉంటారేమో. బాబాయి రిటైర్డ్ కండక్టర్, పంచె పైకి కట్టి నెయ్యి గిన్నె పట్టుకుని వరస వెంట వడ్డిస్తున్నాడు. వియ్యంకుడి విస్తరి దగ్గరకు వచ్చి ముద్దపప్పు మీద నెయ్యి పోసి, గరిటె గిన్నెలోనే ఉంచి నిలబడిపోయాడు. "బావగారూ, పొద్దున పంతులుగారు మా తాత పేరు, మా నాన్న పేరు, నా పేరు మూడేసి సార్లు చదివారు. మా అమ్మ పేరు ఒక్కసారీ రాలేదు. రెండు గేదెల పాలు పోసి నన్ను చదివించింది, నేను డ్యూటీకి పోతే ఈ పిల్లని పెంచింది ఆవిడ, మా ఆవిడ." ఆ ఇద్దరి పేర్లూ చెప్పాడు. "మీ ఇంటికొచ్చేది వాళ్ల పెంపకమండీ, మీకు తెలియాలని" అని, గొంతు పట్టేస్తుంటే "ఒరేయ్, సాంబారు ఇటు తీసుకురండ్రా" అని అరిచి పక్క విస్తరికి వెళ్లిపోయాడు. ఎంగిలి చేత్తో లేవలేక వియ్యంకుడు కూర్చున్నచోటి నుంచే "మా అమ్మ పేరు కూడా రాలేదు బావగారూ" అని ఆవిడ పేరు చెప్పాడు. ఆ వరసలో కాసేపు ఎవరూ అప్పడం విరిచిన చప్పుడు కూడా రాలేదు. మైకు లేదు, నిమిషం కూడా పట్టలేదు.

మర్నాడు నా నాలుగు పేజీల్లో ఏముందో చెప్పనా? రెండు మనసులు, రెండు కుటుంబాలు, నూరేళ్ల ప్రయాణం. ఇప్పుడు చాలామంది చాట్‌జీపీటీని అడిగి రాయించుకుంటున్నారు, అదీ ఇదే రాసిస్తోంది, మనం రాసినా ఇంతే రాస్తాం. పెళ్లికూతురి పేరు తీసేసి ఇంకో పేరు పెడితే ఎక్కడైనా పనికొచ్చే స్పీచ్ ఆమెకు ఎందుకు పనికొస్తుంది?

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా మాట్లాడాలనుకుంటే రిసెప్షన్ వదిలేయండి. పెళ్లికి ముందురోజు రాత్రో, వియ్యాలవారి విందులోనో, జనం కూర్చుని ఉన్న చోటు వెతకండి. సంగీత్ పెడుతున్నారా, అయితే డాన్సులకు ముందే కానివ్వండి, డీజే మొదలుపెట్టాక ఆయన్ని ఆపడం బ్రహ్మతరం కాదు. ఎవరు మాట్లాడతారనేది ముందే రెండు వైపులా అనుకోవాలి. పెళ్లికూతురి వైపు ముగ్గురు మాట్లాడి పెళ్లికొడుకు వైపు ఒక్కరికే అవకాశం వచ్చిందంటే, అలక పాన్పు మీద కూర్చునేది ఈసారి అల్లుడు కాదు, ఆయన మేనమామ. అయిదుగురు తలా 7 నిమిషాలంటే 35 నిమిషాలు, ఆలోగా వడ్డించిన పూరీలు చల్లారిపోతాయి. ఇద్దరు చాలు, తలా 3 నిమిషాలు. కాగితం చూసి చదివితే తప్పేం లేదు, ఫోన్‌లో చూసి చదవకండి, సరిగ్గా అప్పుడే ఎవరో కాల్ చేస్తారు.

భాష సంగతి మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాలి. ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మకు అర్థం కాని ఇంగ్లిష్‌లో ఆమె మనవరాలి గురించి పది నిమిషాలు మాట్లాడటం, అందరూ నవ్వితే ఆవిడ కూడా మొహమాటానికి నవ్వడం నేను రెండు మూడు పెళ్లిళ్లలో చూశాను, ప్రతిసారీ ఒళ్లు మండింది. అమెరికాలో పుట్టిన పిల్లలు వచ్చీరాని తెలుగులో తడబడుతూ రెండు మాటలు చెబితే చాలు, తప్పులు వస్తే రానివ్వండి. పెళ్లి మాట అర్థమయ్యే భాషలో ఉండాలని చట్టమే అంటోంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రార్ ఆఫీసులో చేసుకునే పెళ్లిలో తంతు ఏదైనా పర్లేదు, కానీ మ్యారేజ్ ఆఫీసర్ ముందు, ముగ్గురు సాక్షుల ముందు, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో నిన్ను భార్యగా, నిన్ను భర్తగా స్వీకరిస్తున్నానని ఒకరికొకరు చెప్పుకోవాలి. ఆ మాట చెబితేగాని పెళ్లి పూర్తయినట్టు కాదు. అంటే అక్కడ స్పీచే పెళ్లి!

ఇక జోకుల విషయం. పెళ్లికొడుకు కాలేజీ రోజుల్లో ఏ అమ్మాయి వెనక తిరిగాడో అతని స్నేహితులకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. మా అమ్మాయికి వంట రాదండీ అన్న జోకు ఆడపిల్ల తండ్రి నోట వస్తే నవ్వేది మగపెళ్లివారు మాత్రమే. కట్నం మీద సరదాకి కూడా నోరు జారకూడదు, ఆ నిషేధ చట్టం 1961లో వచ్చినా ఆ లెక్కలు లోపల తేలి ఉంటాయి కాబట్టి బయట వేసిన జోకు ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది.

అసలువాళ్లిద్దరూ మాట్లాడాల్సిన స్పీచ్ ఒకటుంది, దాన్ని ఎవరూ ప్లాన్ చేయరు, అయినా అది ఎప్పుడూ ఫెయిలవదు. గృహప్రవేశం రోజు గడప దగ్గర ఆడపడుచులు చేతులు అడ్డం పెట్టి పేర్లు చెబితేగాని లోపలికి రానివ్వం అంటారు కదా, అది. మొన్న మా చెల్లెలు బెంగళూరులో వంద మంది ముందు ప్రెజెంటేషన్ ఇచ్చే మనిషి, అక్కడికి వచ్చేసరికి మొగుడి పేరు పలకడానికి నోరు పెగల్లేదు. మూడోసారికి గొణిగింది. "వినపడలేదు వదినా, గట్టిగా" అన్నారు వాళ్లు. పక్కనున్న అబ్బాయి ఆగలేక తన వంతు ముందే కానిచ్చేశాడు, "నేనూ, మా ఆవిడా వచ్చాం, బియ్యం చెంబు ఎక్కడ?"

"పేరేదీ?" అని మళ్లీ చేతులు అడ్డం పెట్టారు.